గోడ మీది రాజు భక్తుడా, దేవుడా? ఈజిప్టు గుళ్ళలో రాజపూజ ఆనవాళ్ళు చదవడం ఎలా

ఈజిప్టు వెళ్ళొచ్చినవాళ్ళు, ఇంట్లో కూర్చుని ఫోటోలు చూసేవాళ్ళు, హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూసి ఈ ఆసక్తిలో పడ్డవాళ్ళు, అందరూ తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు. ఒక ఫోటో పంపిస్తారు. అందులో గోడ మీద రాజు, ఎదురుగా దేవుడు, చుట్టూ బొమ్మల అక్షరాలు. "ఇక్కడ రాజుకి పూజ జరిగేదా? ఇతన్ని దేవుడిగా కొలిచారా?" అని ప్రశ్న.

ఒక్క ఫోటో చూసి చెప్పగలిగేది చాలా తక్కువ. కానీ ఒక వరసలో చూసుకుంటూ వెళితే మీకు మీరే తేల్చుకోవచ్చు. ఆ వరస ఇక్కడ రాస్తున్నాను. ఆ బొమ్మల అక్షరాలు, అంటే హైరోగ్లిఫ్‌లు రాకపోయినా మొదలుపెట్టవచ్చు.

ముందు నాలుగు ముక్కలు

ఈజిప్టు గుడి గోడల మీద దేవుడికి నైవేద్యం పెట్టేది దాదాపు ఎప్పుడూ రాజే. రోజూ ఆ పని నిజంగా చేసింది పూజారులే అయినా బొమ్మలో మాత్రం రాజే ఉంటాడు. కాబట్టి రాజు బొమ్మ ఉన్నంత మాత్రాన అది రాజపూజ కాదు. రాజు పుచ్చుకునే వైపు ఉంటేనే రాజపూజ. ఆ పుచ్చుకునేది అతని విగ్రహం కావచ్చు, అతని 'కా' కావచ్చు, ముందు తరం రాజు కావచ్చు. 'కా' అంటే మనిషిలోని జీవశక్తి. రాజు విషయంలో అది ఒక రాజు నుంచి ఇంకో రాజుకి అందే రాచరికపు శక్తి కూడా.

ఈ ఆనవాళ్ళు ముఖ్యంగా మూడు చోట్ల దొరుకుతాయి. మొదటిది లక్సర్ ఊరి దగ్గర నైలు పడమటి ఒడ్డున రాజులు తమ పేర కట్టించుకున్న గుళ్ళు. వాటిని వాళ్ళు 'కోట్ల ఏళ్ళ భవనం' అని పిలిచారు. రామెసెస్ II కట్టించిన రామెసియం, రామెసెస్ III కట్టించిన మెదీనెత్ హాబు ఈ కోవలోవే. రెండోది అబూ సింబెల్, సోలెబ్ లాంటి నూబియా (ఈజిప్టు దక్షిణం నుంచి ఇప్పటి సూడాన్ దాకా ఉన్న ప్రాంతం) గుళ్ళు. మూడోది పెద్ద దేవుళ్ళ గుళ్ళలో రాజు కోసం కేటాయించిన గదులు, ఆవరణలో నిలబెట్టిన భారీ విగ్రహాలు.

ఏం కావాలి

- ఆ గుడి ప్లాన్. పోర్టర్, మాస్ తయారుచేసిన టోపోగ్రాఫికల్ బిబ్లియోగ్రఫీలో ప్రతి గోడకీ, ప్రతి దృశ్యానికీ నంబర్ ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. లక్సర్ ప్రాంతపు గుళ్ళకి రెండో సంపుటం, నూబియాకి ఏడో సంపుటం.
- గీత చిత్రాలు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ ఎపిగ్రఫిక్ సర్వే (గోడల మీది శాసనాల్నీ బొమ్మల్నీ నకలు తీసే బృందం) 1924 నుంచి లక్సర్‌లో పనిచేస్తోంది. మెదీనెత్ హాబు సంపుటాలు సహా వాళ్ళ ప్రచురణలు చాలావరకు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.
- గార్డినర్ గుర్తుల పట్టిక, అంటే హైరోగ్లిఫ్ గుర్తుల్ని రకాలవారీగా పెట్టిన జాబితా. మొత్తం నేర్చుకోనక్కర్లేదు. ముప్పై నలభై గుర్తులతో ఈ పనికి సరిపోతుంది.
- ఒక నోటుబుక్ లేదా స్ప్రెడ్‌షీట్.
- అక్కడికి వెళ్ళేవాళ్ళకి బైనాక్యులర్స్, దిక్సూచి, ఫోన్‌కి పవర్ బ్యాంక్.

నోటుబుక్‌లో పేజీని నిలువునా మూడు గడులుగా గీయండి: 'చూశాను', 'చదివాను', 'అనుకుంటున్నాను'. ఈ మూడూ కలిసిపోతే ఎంత కష్టపడి చేసినా ఆ పని ఎందుకూ పనికిరాదు. మిగతా సలహాలన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్కటి మాత్రం వదలకండి.

1. ఒక్క గది, ఒక్క గోడతో మొదలుపెట్టండి

'రామెసెస్ II రాజపూజ' అని పెద్ద విషయం పెట్టుకుంటే నెల తిరిగేసరికి విసుగొస్తుంది. అతను సుమారు క్రీ.పూ. 1279 నుంచి 1213 దాకా పాలించాడు. అతని పేరు లేని గుడి దొరకడమే కష్టం. అబూ సింబెల్ పెద్ద గుడి ముఖద్వారమో, అబిదోస్‌లో అతని తండ్రి సేతి I గదో, ఏదో ఒకటి తీసుకోండి.

2. ప్లాన్ మీద గుర్తు పెట్టండి

ఫోటో చూడగానే బొమ్మలోకి వెళ్ళిపోకండి. ముందు ఆ గోడ గుడిలో ఎక్కడుందో తేల్చండి. బయటి గోడా, ఆవరణా, స్తంభాల మండపమా, గర్భగుడా? గుమ్మం ఎటుంది, గర్భగుడి ఎటుంది? ప్లాన్ ప్రింట్ తీసి గర్భగుడి వైపు బాణం గీయండి. నాలుగో మెట్టు మొత్తం ఈ బాణం మీదే ఆధారపడుతుంది.

దిక్కుల దగ్గర జాగ్రత్త. పుస్తకాల్లో 'ఉత్తర గోడ' అన్నది చాలాసార్లు నది లెక్కన చెప్పిన ఉత్తరం. నైలు ఒంపులు వదిలేసి సూటిగా దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుందనుకుని పెట్టిన పేరది. మీ ఫోన్ దిక్సూచితో సరిపోకపోతే కంగారు పడకండి. మీరు ఏ లెక్క వాడుతున్నారో పేజీ పైన రాసుకుంటే చాలు.

3. ఫోటో తీయడం, లేదా ఫోటో ఎంచుకోవడం

చెక్కడాలకి కావలసింది పక్కనుంచి జారుతూ పడే వెలుతురు. తూర్పు ముఖంగా ఉన్న గోడ మీద పొద్దున్నే ఎండ సూటిగా పడుతుంది, బొమ్మలు చదునుగా కనిపిస్తాయి. పొద్దెక్కాక ఎండ పైనుంచి గోడ వెంట జారుతున్నప్పుడు అదే గోడ మీద చెరిపేసిన గీతలు కూడా లేచి కనిపిస్తాయి. వీలైతే ఒకే గోడని రెండు వేళల్లో తీయండి. ముందు మొత్తం గోడ, తర్వాత ఒక్కో దృశ్యం, తర్వాత పేర్లు.

ఫ్లాష్ ఎక్కడా వాడకండి. ట్రైపాడ్‌కి విడిగా అనుమతి కావాలి. డ్రోన్ అసలు తీసుకెళ్ళకండి, ఈజిప్టులో అనుమతి లేకుండా అది నేరం. గోడ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం, వేలితో గీతల వెంట తడమడం వద్దే వద్దు. మూడు వేల ఏళ్ళ రంగు మన వేలి చెమటకి పోతుంది.

నెట్‌లో దొరికిన ఫోటో వాడుతుంటే ఒక ప్రమాదం ఉంది. పాత స్లైడ్‌లు తిరగేసి స్కాన్ చేసినవి బోలెడు. తెలుగు అక్షరాలైతే తిరగబడితే వెంటనే పట్టేస్తాం. హైరోగ్లిఫ్‌లు కుడి నుంచి ఎడమకీ రాస్తారు, ఎడమ నుంచి కుడికీ రాస్తారు. అద్దంలో తిరగబడిన శాసనం కూడా మామూలుగానే చదవబడుతుంది! నేను ఒక గోడ మీద రెండు వారాలు పనిచేశాక ఫోటో తిరగబడిందని తెలిసింది. రాసిన ప్రతి కుడి, ప్రతి ఎడమ మార్చుకోవాల్సి వచ్చింది. అదే గోడకి వేరేవాళ్ళు తీసిన ఇంకో ఫోటో చూడకుండా ఒక్క ముక్క కూడా రాయకండి.

4. మొహాలు ఎటు తిరిగాయో చూడండి

ఇది అన్నిటికన్నా ఉపయోగపడే మెట్టు. పైగా దీనికి ఒక్క అక్షరం కూడా చదవక్కర్లేదు.

గుడి దేవుడి ఇల్లు. ఇంట్లో ఉన్నవాళ్ళు గుమ్మం వైపు చూస్తారు, వచ్చినవాళ్ళు లోపలికి చూస్తారు. దేవుడి వీపు గర్భగుడి వైపు, మొహం బయటి వైపు ఉంటుంది. రాజు బయటినుంచి వస్తున్నట్టు లోపలికి తిరిగి ఉంటాడు. మీరు గీసుకున్న బాణం పక్కన పెట్టి చూస్తే ఎవరు ఎటున్నారో క్షణంలో తెలిసిపోతుంది.

రాజు బొమ్మ కూడా బయటికి చూస్తూ ఉందనుకోండి. సింహాసనం మీద కూర్చునో, దేవుళ్ళ వరసలో నిలబడో ఉన్నాడు, అతని ఎదురుగా ఎవరో నైవేద్యం పట్టుకుని ఉన్నారు. అక్కడ ఆగండి. మీరు వెతుకుతున్నది బహుశా అదే.

శాసనాల్లోనూ ఇదే పద్ధతి. పక్షులు, మనుషులు, జంతువుల గుర్తులు ఎటు చూస్తుంటే ఆ వైపు నుంచి చదవడం మొదలుపెట్టాలి. ఒక బొమ్మకి చెందిన మాటలు సాధారణంగా ఆ బొమ్మ చూసే వైపే చూస్తాయి. ఇద్దరి మధ్య నాలుగు నిలువు వరసలుంటే, ఎటు తిరిగిన గుర్తులు ఎవరివో అలా విడగొట్టవచ్చు.

మినహాయింపులూ ఉన్నాయి. బయటి గోడల మీది యుద్ధ దృశ్యాలకి, గర్భగుడి వెనక గోడకి ఈ లెక్క సూటిగా పనిచేయదు. వాటిని మొదటి అభ్యాసానికి తీసుకోకండి.

5. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు?

ప్రతి దృశ్యానికీ ఒక వరస రాయండి: ఇచ్చేవారు, ఇచ్చే వస్తువు, పుచ్చుకునేవారు, బదులుగా దొరికేది. ఈజిప్టు గోడల మీద ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పుడూ రెండు వైపులా జరుగుతుంది. రాజు ద్రాక్షసారా కుండో, ధూపమో, సత్యానికీ ధర్మానికీ దేవత అయిన మాత్ చిన్న బొమ్మో ఇస్తాడు. దేవుడు బదులుగా జీవం, స్థిరత్వం, అధికారం ఇస్తున్నానంటాడు. దేవుడి మాటల ముందు 'జెద్ మెదు' అనే గుర్తులుంటాయి, పలికే మాటలు అని అర్థం. ఒక పాము, ఒక కర్ర. ఈ జంటని గుర్తుపట్టడం ఇవాళే నేర్చుకోండి. పుచ్చుకునే వైపున్న రాజు దగ్గర 'జెద్ మెదు' ఉండి, అతను వరాలిస్తుంటే అది చాలా బలమైన సాక్ష్యం.

ఇక్కడ అబూ సింబెల్ గుడి ముఖాన్ని దగ్గరగా చూద్దాం. అందరూ సుమారు ఇరవై మీటర్ల ఎత్తున్న నాలుగు విగ్రహాలనే చూస్తారు. మీరు తలుపు పైనున్న గూటిని చూడండి. అందులో డేగ తలతో, నెత్తిన సూర్యబింబంతో రా-హోరక్తి నిలబడి ఉంటాడు. ఒక పక్కన నక్క తలలాంటి తల ఉన్న కర్ర, దాన్ని 'ఉసెర్' అంటారు. ఇంకో పక్కన మాత్ దేవత. సూర్యుడు 'రా'. మూడూ కలిపి చదివితే 'ఉసెర్-మాత్-రా'. అది రామెసెస్ II పట్టాభిషేక నామం. మొత్తం విగ్రహమే అతని పేరు! గూటికి రెండు పక్కలా రామెసెస్ రాజు మాత్ బొమ్మ అర్పిస్తూ చెక్కి ఉంటాడు.

దీన్ని మీ పట్టికలో ఎలా రాస్తారు? ఇచ్చేవారు: రాజు రామెసెస్. పుచ్చుకునేవారు: రా-హోరక్తి. ఇది 'చూశాను' గడిలోకి. పుచ్చుకునే రూపంలోనే రాజు పేరు అమరి ఉంది, ఇది 'చదివాను' గడిలోకి. రాజు తన దైవ రూపానికే అర్పిస్తున్నాడు, ఇది 'అనుకుంటున్నాను' గడిలోకి. మూడోది తప్పని కాదు. ఆ గుడి లోపల రాజు తన దైవ రూపానికే నైవేద్యం పెట్టే దృశ్యాలు సూటిగానే ఉన్నాయి కాబట్టి ఇక్కడి అనుమానం బలపడుతుంది. కానీ మూడో మాట మొదటి గడిలో రాస్తే మీ తర్వాత చదివేవాళ్ళు మోసపోతారు.

6. పేరు చదవండి

రాజు పేరు కార్టూష్‌లో, అంటే తాడు ముడిలాంటి పొడవాటి గుండ్రని గీత లోపల ఉంటుంది. సాధారణంగా రెండుంటాయి. గడ్డి మొక్క, తేనెటీగ గుర్తుల తర్వాత వచ్చేది పట్టాభిషేక నామం. బాతు, సూర్యబింబం తర్వాత వచ్చేది పుట్టుపేరు. మొదటిదే పనికొచ్చేది, ఎందుకంటే రామెసెస్‌లు పదకొండు మంది.

'రా' సూర్యబింబాన్ని గౌరవం కోసం పైన రాస్తారు, చదివేటప్పుడు చాలా పేర్లలో చివర చదువుతారు. సూర్యుడు ముందున్నాడని 'రా-ఉసెర్-మాత్' అని చదవకండి.

ఉసెర్‌మాత్‌రా కనిపించగానే రామెసెస్ II అని రాసేయడం మహా పెద్ద పొరపాటు. రామెసెస్ III పేరు ఉసెర్‌మాత్‌రా-మెరియమున్. తర్వాతి రాజులు ఇంకా చాలామంది ఇదే పేరు ముక్క వాడుకున్నారు. రెండో సగం చదవాలి. రామెసెస్ IIది ఉసెర్‌మాత్‌రా-సెతెపెన్‌రా. పాలన మొదట్లో అతను 'సెతెపెన్‌రా' లేకుండా ఉత్త ఉసెర్‌మాత్‌రా అని రాయించాడు, కాబట్టి పొట్టి రూపం దొరికితే అది కాలం గురించి సూచన కావచ్చు. అలాగే నెబ్‌మాత్‌రా అంటే అమెన్‌హోటెప్ III, కానీ రామెసెస్ VI కూడా నెబ్‌మాత్‌రా-మెరియమున్ అయ్యాడు.

నెట్‌లో వెతికేటప్పుడు ఒకే రాజుని మూడు నాలుగు స్పెల్లింగులతో వెతకండి. అమెన్‌హోటెప్‌ని పాత పుస్తకాలు అమెనోఫిస్ అంటాయి, తుట్‌మోస్‌ని తుత్మోసిస్ అంటాయి.

7. దైవత్వపు గుర్తులు ఏరండి

ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి. కనీసం రెండు, వేర్వేరు రకాలవి కావాలి.

చెవి చుట్టూ వంకర తిరిగిన పొట్టేలు కొమ్ము అమున్ దేవుడిది. రాజు తలకి అది ఉంటే ముఖ్యమైన సూచన. సూడాన్‌లోని సోలెబ్ గుడిలో అమెన్‌హోటెప్ III 'నూబియా ప్రభువు నెబ్‌మాత్‌రా' అనే దేవుడిగా, కొమ్ముతో, తల మీద చంద్రుడితో కనిపిస్తాడు. రాజుగా ఉన్న అతనే ఆ దేవుడికి నైవేద్యం పెడతాడు.

చిరుతపులి తోలు కప్పుకుని, తల పక్కన జడతో ఉన్న పూజారి రాజుకి అర్పిస్తుంటే అతను ఇయున్‌ముతెఫ్ కావచ్చు. తండ్రికి కొడుకు చేసే కర్మ చేస్తున్నట్టు లెక్క. రాజపూజకి ఇది మంచి ఆనవాలు.

రాజు వెనక చిన్న మనిషి, అతని తల మీద పైకెత్తిన రెండు చేతులు ఉంటే అది రాజు 'కా'. లక్సర్ గుడిలో అమెన్‌హోటెప్ III పుట్టుక గదిలో ఖ్నుమ్ దేవుడు కుమ్మరి సారె మీద ఇద్దరు పిల్లల్ని చేస్తుంటాడు. ఒకడు రాజు, రెండోవాడు అతని 'కా'. లక్సర్ గుడి ప్రధానంగా ఈ రాజ 'కా' కోసమేనని ఈజిప్టు చరిత్ర పండితుడు లానీ బెల్ 1985లో వాదించారు. నాకు ఆ వాదన నచ్చుతుంది. అయినా నోటుబుక్‌లో అది మూడో గడిలోనే ఉంటుంది, సారె మీది ఇద్దరు పిల్లలు మొదటి గడిలో ఉంటారు.

పడవలు కూడా చూడండి. దేవుడి విగ్రహాన్ని చిన్న పడవలో పెట్టి పూజారులు భుజాల మీద మోస్తారు. మన ఉత్సవమూర్తిని పల్లకిలో ఊరేగించడం తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. పడవ ముందూ వెనకా ఉండే తల ఎవరిదో చూస్తే పడవ ఎవరిదో తెలుస్తుంది. పొట్టేలు తలలైతే అమున్. అబూ సింబెల్‌లో దైవ రూప రామెసెస్‌కి కూడా సొంత పడవ ఉంది, దానికి డేగ తలలు. పోలిక ఇంతవరకే వాడండి. మన ఆగమాల లెక్కలు తీసుకెళ్ళి అక్కడి గోడల మీద రుద్దితే లేనివి కనిపించడం మొదలవుతుంది.

ఇక విగ్రహాల పేర్లు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. రామెసెస్ II భారీ విగ్రహాలకి మనుషులకి ఉన్నట్టు సొంత పేర్లున్నాయి. 'పాలకులకు సూర్యుడు', 'రెండు దేశాల్లో మోంతు' (మోంతు యుద్ధ దేవుడు, రెండు దేశాలంటే ఎగువ, దిగువ ఈజిప్టు), ఇలా. రామెసియంలో కూలిపడి ఉన్న సుమారు వెయ్యి టన్నుల విగ్రహం పేరు 'పాలకులకు సూర్యుడు'. ఆ విగ్రహాలకి విడిగా పూజ జరిగేది. ఇది ఊహ కాదు. నైలు డెల్టాలో, రామెసెస్ II రాజధాని ఉన్న ఖంతీర్ దగ్గర దొరికిన చిన్న చిన్న రాతి ఫలకాల మీద సైనికులు, ఉద్యోగులు రాజు విగ్రహం ముందు చేతులెత్తి మొక్కుతున్నారు, పక్కన ఆ విగ్రహం పేరు రాసి ఉంది. వాటిలో చాలా భాగం ఇప్పుడు జర్మనీలోని హిల్డెస్‌హైమ్ మ్యూజియంలో ఉన్నాయి. విగ్రహం దొరికితే భుజాలు, బెల్టు, పీఠం, వెనక స్తంభం నాలుగూ చూడండి. పర్యాటకుల ఫోటోల్లో వెనక స్తంభం ఉండదు, చాలాసార్లు అసలు శాసనం అక్కడే ఉంటుంది.

గుర్తుంచుకోదగ్గ విగ్రహం ఇంకొకటి. 1989 జనవరిలో లక్సర్ గుడి ఆవరణలో నేల కింద పాతిపెట్టిన విగ్రహాలు బయటపడ్డాయి. వాటిలో ఎర్రటి క్వార్ట్‌జైట్ రాతి అమెన్‌హోటెప్ III విగ్రహాన్ని లక్సర్ మ్యూజియంలో చూడవచ్చు. అతని కాళ్ళ కింద చూడండి. మామూలు పీఠం కాదు, లాగే బండి. విగ్రహాలని లాక్కెళ్ళే చక్రాల్లేని బండి. అంటే శిల్పి చెక్కింది రాజుని కాదు, ఊరేగింపుకి తీసిన రాజు విగ్రహాన్ని. బండి గమనించకపోతే ఈ విషయం మొత్తం చేజారిపోతుంది.

8. తర్వాత మార్చిన జాడలు వెతకండి

ఏ గోడైనా ఒక్కసారి చెక్కి వదిలేసింది అనుకోకండి. పక్క వెలుతురు ఫోటోలో ఇవి చూడండి: కార్టూష్ లోపలి రాయి చుట్టుపక్కల కన్నా లోతుగా ఉందా? ఒకే గీత రెండుసార్లు కనిపిస్తోందా? పాత గుర్తు తోకో, కాలో మిగిలిందా?

దేర్ ఎల్-బహ్రీలో రాజుగా పాలించిన స్త్రీ హత్షెప్సుత్ పేర్లు చెరిపి తుట్‌మోస్ I, తుట్‌మోస్ II పేర్లు చెక్కారు. పేరైతే మార్చారు కానీ వాక్యాల్లో స్త్రీలింగ ప్రత్యయాలు చాలాచోట్ల అలాగే వదిలేశారు. పేరు మగరాజుది, వాక్యం ఆడమనిషిది. స్త్రీలింగాన్ని చూపే గుర్తు చిన్న రొట్టె ముద్దలా ఉండే 'త్'. అది ఒక్కటి తెలిసినా ఈ జాడ మీరు పట్టుకోగలరు. లక్సర్ గుడి స్తంభాల వరస గోడల మీద టుటన్‌ఖమున్ పేర్ల మీద హోరెమ్‌హెబ్ తన పేరు చెక్కించాడు. అతెన్ అనే ఒక్క దేవుణ్ణే నిలబెట్టిన అఖెనటెన్ కాలంలో అమున్ పేరు, రూపం చెక్కేశారు, తర్వాతి రాజులు తిరిగి చెక్కించారు. కాబట్టి అమున్ చుట్టూ గరుకుగా ఉంటే ఆశ్చర్యపోకండి.

అబూ సింబెల్ లోపలి దృశ్యాల్లో ఇంకో రకం మార్పు ఉంది. కొన్నిచోట్ల దేవుడికీ దేవతకీ మధ్య దైవ రూప రామెసెస్‌ని తర్వాత ఇరికించి చెక్కారు. చోటు కోసం దేవత గీతల్ని సవరించిన జాడలు కనిపిస్తాయి. పని సగంలో ఉండగా ఆలోచన మారిందన్నమాట. రాజపూజ ఎప్పుడు మొదలైందని అడిగేవాళ్ళకి ఇలాంటి సవరణే అసలైన సాక్ష్యం.

9. ప్రచురించిన గీత చిత్రంతో పోల్చండి

ముందు మీరు గీయండి, తర్వాతే పుస్తకం తెరవండి. వరస మారిస్తే పుస్తకంలో ఉన్నదే మీకు గోడ మీదా కనిపిస్తుంది. షికాగో బృందం పద్ధతి కూడా అలాంటిదే: పెద్ద ఫోటో మీద చిత్రకారులు గీస్తారు, ఫోటోని కరిగించి గీతలు మాత్రం మిగిల్చి, ఆ కాగితంతో పండితులు మళ్ళీ గోడ దగ్గరికెళ్ళి ఒక్కో గీతా సరిచూస్తారు. ఇంట్లో మీకు గోడ లేదు కాబట్టి వేరే వెలుతురులో తీసిన రెండో ఫోటోనే గోడ అనుకోండి.

1842–45లో జర్మన్ పండితుడు లెప్సియస్ బృందం గీసిన చిత్రాలు కూడా చూడండి. తర్వాత పాడైపోయిన భాగాలు కొన్ని వాటిలోనే మిగిలాయి.

తరచూ జరిగే పొరపాట్లు

'నెచెర్ నెఫెర్' అంటే మంచి దేవుడు. ఇది కనిపించగానే రాజుని దేవుణ్ణి చేశారని రాసేస్తారు. అది ఏ ఫారోకైనా వాడే మామూలు బిరుదు. సాక్ష్యంగా దానికి విలువ లేదు.

'మా-ఖెరు' (మాట నిజమైనవాడు) అని ఉంటే రాజు చనిపోయినట్టే అనుకోవడం. ఎక్కువగా చనిపోయినవాళ్ళకే వాడతారు, కానీ బతికున్న రాజులకీ కనిపిస్తుంది. దాని ఒక్కదాని మీద కాలం నిర్ణయించకండి.

పడమటి ఒడ్డు గుళ్ళని ఉత్త 'చావు గుళ్ళు' అనుకోవడం. అక్కడ ప్రధాన దేవుడు అమున్, పూజ రాజు బతికుండగానే మొదలయ్యేది. పైగా ఒక రాజు గుడిలో ఇంకో రాజుకి గది ఉండేది. ఆ ఒడ్డునే ఉన్న సేతి I గుడిలో అతని తండ్రి రామెసెస్ Iకి ఉంది.

దొరికిన చోటే అసలు చోటు అనుకోవడం. తానిస్‌లో రామెసెస్ II విగ్రహాలు గుట్టలుగా దొరికాయి కాబట్టి అతని రాజధాని అదేనని పియెర్ మోంతే లాంటి పెద్ద పురావస్తు శాస్త్రవేత్త కూడా నమ్మాడు. అవి తర్వాతి రాజులు ఖంతీర్ నుంచి తరలించినవి. కర్నాక్‌లో 1903 నుంచి ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త లెగ్రాన్ తవ్వి తీసిన వందల విగ్రహాలు కూడా ఒక గోతిలో పాతిపెట్టినవే. మ్యూజియం లేబుల్ మీద 'కర్నాక్' అని ఉంటే అది దొరికిన చోటు, నిలబెట్టిన చోటు అదే కానక్కర్లేదు.

అబూ సింబెల్‌లో ఫిబ్రవరి 22, అక్టోబర్ 22 తేదీల్లో సూర్యకిరణాలు గర్భగుడిలోకి వెళతాయి. అవి రామెసెస్ పుట్టినరోజు, పట్టాభిషేకం రోజు అని గైడ్‌లు చెబుతారు. పుట్టినరోజుకి ఆధారం లేదు. అతను సింహాసనం ఎక్కింది వేసవిలో. లోపల ప్తా, అమున్-రా, రామెసెస్, రా-హోరక్తి వరసగా కూర్చుని ఉంటారు, ప్తా మాత్రం చీకట్లోనే ఉంటాడు. మీకు కావలసింది ఆ వరస: రాజు ముగ్గురు పెద్ద దేవుళ్ళతో సమానంగా, ఒకే రాతిలో, ఒకే ఎత్తున కూర్చున్నాడు. ఇంకో మాట, 1960లలో యునెస్కో ఆధ్వర్యంలో గుడిని కోసి సుమారు 65 మీటర్ల పైకి తరలించారు. కాబట్టి కిరణాల కోణం మీద సొంత లెక్కలు కట్టేముందు ఆలోచించండి. ఆ రెండు తేదీల్లో చదవడానికి వెళ్ళకండి, జనంలో గోడ కనిపించదు.

సరిగ్గా చేశామో లేదో ఎలా తెలుస్తుంది?

మీ నోట్స్‌లో 'అనుకుంటున్నాను' గడి మొత్తం అట్టముక్కతో మూసేయండి. మిగిలిన రెండు గడులు చదివి ఇంకొకరు అదే నిర్ణయానికి రాగలరా? రాలేకపోతే సాక్ష్యం తక్కువైంది, మళ్ళీ నాలుగో మెట్టుకి వెళ్ళండి.

పోర్టర్-మాస్ నంబర్‌తో మీ దృశ్యం సరిపోయిందా చూడండి. అక్కడ రాసిన ఒక్క లైను మీ వర్ణనకి విరుద్ధంగా ఉంటే తొంభై పాళ్ళు మీరు పక్క గోడ మీద ఉన్నారు, లేదా ఫోటో తిరగబడింది.

ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఇద్దరి పేర్లూ చదవగలిగారా? ఒక్కరి పేరే చదివి రెండోవారిని బొమ్మ చూసి పోల్చుకుని ఉంటే ఆ వరస పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. ఆ ప్రశ్న గుర్తుని తర్వాత మొహమాటానికి తీసేయకండి.

మొదటి అభ్యాసానికి

అబిదోస్‌లో సేతి I గుడి తీసుకోండి. చెక్కడం అద్భుతంగా ఉంటుంది, ఫోటోలు పుష్కలం. వెనక వరసగా ఏడు గదులు: ఆరు దేవుళ్ళవి, ఒకటి సేతిది. ముందు ఏదైనా దేవుడి గది, అమున్-రాది అనుకుందాం, పూర్తి చేయండి. అందులో సేతి ఇచ్చే వైపు ఉంటాడు. తర్వాత సేతి గదికి రండి. అదే ముక్కు, అదే కిరీటం, కానీ ఇప్పుడు అతను పుచ్చుకునే వైపు కూర్చున్నాడు, చిరుత తోలు కప్పుకున్న ఇయున్‌ముతెఫ్ ఎదురుగా నిలబడ్డాడు. రెండు గదుల పట్టికలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తేడా ఒక్కసారి కంటికి అలవాటైతే అబూ సింబెల్ గోడకి వెళ్ళవచ్చు.